వంశవృక్షంలో రాయనివాళ్ళు: మేనరికం, వారసత్వ గుండె–ఊపిరితిత్తుల వ్యాధులు, గోదావరి డెల్టా

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• తెలుగు దేశంలో మేనరికం ఎంత పాతదో శాసనాల ఆధారంగా వివరించగలుగుతారు.
• గుండె కవాటాలకు, ఊపిరితిత్తులకు వచ్చే వారసత్వ వ్యాధుల్లో మేనరికంతో సంబంధం ఉన్నవాటిని, లేనివాటిని వేరుచేయగలుగుతారు.
• వంశవృక్షాన్ని ఒక చారిత్రక ఆధారంగా పరిశీలించి, దానిలోని లోపాలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

'ఆ జబ్బు వాళ్ళ వంశంలోనే ఉంది' అనే మాట మీరు వినే ఉంటారు. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు, పసిబిడ్డ పోయినప్పుడు, వయసులో ఉన్న మనిషి ఉన్నట్టుండి కూలిపోయినప్పుడు ఈ మాట వస్తుంది. 'మేనరికం చేసుకున్నారు కదా, అందుకే' అని మరొకరు ముగిస్తారు. 'మా తాతల నాటి నుంచి మేనరికాలే, మాకేమీ కాలేదు' అని ఇంకొకరు జవాబు చెబుతారు. మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఏ మాటలో ఎంత నిజం ఉందో తేల్చడానికి వైద్యశాస్త్రం ఒక్కటే చాలదు, చరిత్ర కూడా కావాలి.

ఈ పాఠంలో గోదావరి డెల్టాను, ముఖ్యంగా రామచంద్రపురం ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాం. 2022 జిల్లాల పునర్విభజనలో ఈ పట్టణం తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లాలోకి మారింది. దీన్ని ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, దీనికి అతి సమీపంలోని ద్రాక్షారామ భీమేశ్వరాలయం శాసనాల గని. వేంగిని ఏలిన రాజవంశాల బంధుత్వాలు అక్కడ రాళ్ళమీద కనిపిస్తాయి. రెండవది, ఆంధ్రదేశంలో రక్తసంబంధ వివాహాలను ఆధునిక జన్యుశాస్త్ర దృష్టితో మొదటగా అధ్యయనం చేసినవారిలో ఒకరు ఇదే ప్రాంతంలోని పిఠాపురంలో పుట్టారు.

ముందుగా ఒక పదాన్ని స్పష్టం చేసుకుందాం. మేనమామ కూతురిని గానీ మేనత్త కూతురిని గానీ చేసుకోవడం మేనరికం. అక్క కూతురిని మేనమామకు ఇవ్వడం కూడా మన ప్రాంతంలో ఉన్నదే. ఈ రెండు రకాలనూ కలిపి చెప్పవలసినప్పుడు 'రక్తసంబంధ వివాహం' అందాం. పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, పిన్ని పిల్లలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. ఆ వరసలో పెళ్ళి మాటే రాదు. అయితే జన్యువుల లెక్కలో మేనమామ కూతురికీ, చిన్నాన్న కూతురికీ ఉన్న దగ్గరితనం ఒక్కటే. వావివరసలు గీసిన గీత వేరు, శరీరధర్మం గీసిన గీత వేరు. ఈ తేడా పాఠం పొడవునా మనకు అవసరమవుతుంది.

2. శాసనాల్లో, శాస్త్రాల్లో మేనరికం

2.1 నాగార్జునకొండ సాక్ష్యం

క్రీ.శ. 3వ శతాబ్దంలో కృష్ణా లోయను ఏలిన ఇక్ష్వాకుల శాసనాలు మేనరికానికి గట్టి సాక్ష్యం. శాంతమూలుని కుమారుడు వీరపురుషదత్తుడు తన మేనత్త కూతుళ్ళను వివాహమాడాడు. నాగార్జునకొండ మహాచైత్యానికి దానాలు చేసిన స్త్రీలు ఆ శాసనాల్లో తాము ఎవరి కుమార్తెలో, ఎవరి సోదరీమణులో, ఎవరి భార్యలో చెప్పుకున్నారు. అందువల్లనే ఈ బంధుత్వాలు మనకు తెలిశాయి. ఒక్క రాజుల పేర్లే చెక్కి ఉంటే తండ్రీకొడుకుల వరుస తప్ప మరేమీ మిగిలేది కాదు. స్త్రీలు రాయించిన శాసనాలు ఉన్నచోటనే వంశం రెండు వైపులా కనిపిస్తుంది. ఈ విషయం గుర్తుంచుకోండి.

ధర్మశాస్త్రాలు కూడా ఈ ఆచారాన్ని ఎరుగుదుర. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెళ్ళాడడం దక్షిణాది ప్రత్యేకాచారాల్లో ఒకటిగా బౌధాయన ధర్మసూత్రం పేర్కొంది. ఉత్తరాదిలో నిషిద్ధమైనది దక్షిణాదిలో ఆచారమయింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా దాదాపు ఇదే పద్ధతిని అనుసరించింది. దగ్గరి బంధువుల మధ్య వివాహాన్ని నిషేధిస్తూనే, ఆచారం అనుమతించినచోట మినహాయింపు ఇచ్చింది.

2.2 వేంగి–చోళ సంబంధాలు

11వ శతాబ్దంలో గోదావరి తీరాన మేనరికం రాజనీతిగా మారింది. వేంగి చాళుక్యరాజు విమలాదిత్యుడు రాజరాజచోళుని కుమార్తె కుందవను వివాహమాడాడు. వారి కుమారుడు రాజరాజనరేంద్రుడు. నన్నయ భారతాన్ని తెలుగు చేసింది ఈయన ఆస్థానంలోనే. ఈయన తన మేనమామ రాజేంద్రచోళుని కుమార్తె అమ్మంగదేవిని పెళ్ళాడాడు. వారి కుమారుడే తరువాత చోళ సింహాసనమెక్కిన మొదటి కులోత్తుంగుడు. ఆయన కూడా తన మేనమామ రెండవ రాజేంద్రుని కుమార్తె మధురాంతకిని చేసుకున్నాడు. ఒక తరంలో బయటి సంబంధం, దాని వెంట వరుసగా రెండు తరాల మేనరికం. కులోత్తుంగుడు 1070లో చోళరాజ్యం చేపట్టడంతో రెండు సింహాసనాలు ఒక వంశం చేతికి వచ్చాయి. మేనరికం ఇక్కడ రాజ్యాన్ని చెదరకుండా ఉంచే సాధనమయింది.

2.3 డెల్టా భూమి, పెళ్ళి

రాజులకు రాజ్యం ఎలాంటిదో రైతుకు మాగాణి అలాంటిది. 1847–1852 మధ్య సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన తరువాత డెల్టాలో కాలువ నీరు పారింది, భూమి విలువ పెరిగింది. ఆడపిల్లకు పసుపుకుంకుమ కింద ఇచ్చిన పొలం బయటికి పోకుండా, తిరిగి పుట్టింటి గడపకే రావాలంటే మేనరికం అనుకూలమైన మార్గం. దీనికి మరో వైపు కూడా చూడాలి. అత్త స్థానంలో మేనత్త ఉంటే పిల్లకు ఆదరణ ఉంటుందనే నమ్మకం తల్లిదండ్రులకు ధైర్యమిచ్చింది. తెలియని ఊరికి పిల్లను పంపే భయం తగ్గింది. ఒక ఆచారం పద్దెనిమిది వందల ఏళ్ళపాటు నిలిచిందంటే అది మనుషుల నిజమైన అవసరాలు తీర్చిందని అర్థం. దాన్ని కేవలం మూఢత్వంగా కొట్టివేస్తే చరిత్ర అర్థం కాదు.

19వ శతాబ్దపు సంస్కరణోద్యమానికి రాజమండ్రి ఒక కేంద్రం. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న అక్కడ తొలి వితంతు వివాహం జరిపించారు. బాల్యవివాహాలు, కన్యాశుల్కం, వితంతువుల దుస్థితి ఆ ఉద్యమానికి ప్రధాన విషయాలయ్యాయి. మేనరికం ఆ స్థాయి సమస్యగా కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. దానివల్ల కలిగే నష్టాన్ని లెక్కగట్టే శాస్త్రం అప్పటికి ఇంకా రూపుదిద్దుకోలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) నాగార్జునకొండ శాసనాల వల్ల మేనరికం గురించి తెలియడానికి స్త్రీ దాతలు ఎలా కారణమయ్యారు?
(ఆ) వేంగి–చోళ వివాహ సంబంధాలను వంశవృక్షంగా గీయండి.

3. వారసత్వ శాస్త్రం ఎదిగిన తీరు

3.1 మెండెల్ నుంచి గారడ్ వరకు

గ్రెగర్ మెండెల్ బఠానీ మొక్కల ప్రయోగాలను 1866లో ప్రచురించాడు. 1900 వరకు వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1902లో ఇంగ్లండు వైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్, ఆల్కాప్టోనూరియా అనే అరుదైన వ్యాధి ఉన్న పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది ఒకరికొకరు దగ్గరి బంధువులని గమనించాడు. తల్లిదండ్రులు ఆరోగ్యంగానే ఉంటారు, బిడ్డకు మాత్రం జబ్బు ఉంటుంది. మెండెల్ చెప్పిన 'అంతర్గత' లక్షణాలు సరిగ్గా ఇలాగే ప్రవర్తిస్తాయి. రక్తసంబంధ వివాహానికీ, కొన్ని వ్యాధులకూ ఉన్న ముడి ఇక్కడ మొదటిసారిగా శాస్త్రీయంగా బయటపడింది.

ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులుగా ఉంటుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక్క ప్రతి చెడినా జబ్బు వస్తే అది బహిర్గత వ్యాధి. రెండు ప్రతులూ చెడితేనే వస్తే అది అంతర్గత వ్యాధి. ఒక్క చెడు ప్రతితో ఆరోగ్యంగా ఉన్నవారిని వాహకులంటాం. గుండె, ఊపిరితిత్తుల విషయంలో ఈ రెండు రకాలకూ మంచి ఉదాహరణలున్నాయి.

3.2 బహిర్గత వ్యాధి: మార్ఫాన్ సిండ్రోమ్

1896లో పారిస్ వైద్యుడు ఆంట్వాన్ మార్ఫాన్ అసాధారణంగా పొడవైన, సన్నని వేళ్ళున్న ఐదేళ్ళ పాపను గురించి వివరించాడు. తరువాతి వైద్యులు ఇలాంటివారిలో కంటి కటకం జారడాన్ని, బృహద్ధమని ఉబ్బి చిట్లడాన్ని గుర్తించారు. 1950లలో అమెరికా వైద్యుడు విక్టర్ మెక్యూసిక్ ఇవన్నీ సంయోజక కణజాలంలోని ఒకే లోపానికి వేర్వేరు ముఖాలని చూపాడు. 1991లో ఆ లోపం ఫిబ్రిలిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో ఉందని తేలింది. సుమారు ఐదువేల మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉంటుంది.

ఫిబ్రిలిన్ శరీరంలో సాగే గుణమున్న భాగాలకు ఆధారం. అందువల్ల దెబ్బ ఒక్క అవయవానికి పరిమితం కాదు. మిట్రల్ కవాటపు రెక్కలు వదులై వెనక్కి జారతాయి, రక్తం ఎదురు ప్రవహిస్తుంది. బృహద్ధమని మొదలు ఉబ్బడంతో అక్కడి కవాటం కూడా సరిగా మూసుకోదు. ఊపిరితిత్తుల గాలిగదుల్లో బుడగలు ఏర్పడి, ఒక్కోసారి పగిలి, ఊపిరితిత్తి కుంచించుకుపోతుంది. కవాటానికీ, ఊపిరితిత్తికీ సంబంధమేమిటన్న సందేహం మీకు రావచ్చు. దానికి జవాబు ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో దొరికింది. ఫిబ్రిలిన్ లోపిస్తే, కణాల పెరుగుదలను నడిపించే ఒక సంకేత పదార్థం అదుపు తప్పుతుందని 2003లో ఊపిరితిత్తుల్లోను, 2004లో మిట్రల్ కవాటంలోను శాస్త్రవేత్తలు చూపారు.

చరిత్ర విద్యార్థి గమనించవలసింది ఇదీ. ఈ వ్యాధికి మేనరికంతో పని లేదు. తల్లికో తండ్రికో ఉంటే, పెళ్ళి చుట్టాల్లో జరిగినా బయట జరిగినా ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. వ్యాధి ఉన్నవారిలో సుమారు నాలుగోవంతు మందికి తల్లిదండ్రుల్లో ఎవరికీ లేకుండానే, కొత్తగా వచ్చిన మార్పు వల్ల వస్తుంది. 1972 నాటి ఒక అమెరికన్ అధ్యయనంలో ఈ వ్యాధిగ్రస్తులు సగటున 32 ఏళ్ళకే మరణించినట్లు కనిపించింది. ఎకో పరీక్షతో బృహద్ధమనిని కొలుస్తూ, మందులు వాడుతూ, చిట్లక ముందే శస్త్రచికిత్స చేస్తే ఈనాడు ఆయుర్దాయం దాదాపు మామూలు స్థాయికి చేరింది. కాబట్టి ఒక ఇంట్లో పొడగరి యువకుడు హఠాత్తుగా చనిపోతే 'గుండెపోటు' అని ఊరుకోకూడదు. అతని తోబుట్టువులకు, పిల్లలకు ఒక్కసారి ఎకో తీయించడం ప్రాణాలు నిలిపే పని.

3.3 అంతర్గత వ్యాధి: కదలని శైలికలు

1933లో స్విట్జర్లండ్ వైద్యుడు కార్టజెనర్ ఒక విచిత్రమైన కలయికను వివరించాడు. గుండె కుడివైపున ఉండడం, ముక్కు పక్క గదుల్లో వాపు తగ్గకపోవడం, ఊపిరితిత్తుల నాళాలు వెడల్పై తరచు చీముపట్టడం ఈ మూడూ ఒకే రోగిలో కనిపించాయి. 1976లో స్వీడన్ శాస్త్రవేత్త అఫ్జీలియస్ కారణం కనుగొన్నాడు. శ్వాసనాళాల్లోని సన్నని శైలికలు కదలడం లేదు, కాబట్టి కఫం బయటికి పోదు. పిండదశలో గుండెను ఎడమవైపున నిలిపేది కూడా శైలికల కదలికే. అది లేనప్పుడు గుండె ఏ వైపున ఉంటుందన్నది బొమ్మా బొరుసు వంటిది. వీరిలో కొందరికి గుండె నిర్మాణంలోనే లోపాలుంటాయి.

ఇది సాధారణంగా అంతర్గత వ్యాధి. ఊపిరితిత్తులను దెబ్బతీసే సిస్టిక్ ఫైబ్రోసిస్ కూడా అటువంటిదే, దాని జన్యువును 1989లో కనుగొన్నారు. ఇటువంటి వ్యాధుల్లో తల్లిదండ్రులిద్దరూ వాహకులై ఉండాలి. మేనరికం ప్రశ్న నిజంగా తలెత్తేది ఇక్కడే.

3.4 ఒక చిన్న లెక్క

రామచంద్రపురంలో ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తాతగారు ఒక అంతర్గత వ్యాధికి వాహకుడు. తనకేమీ జబ్బు లేదు, ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆ చెడు ప్రతి ఆయన పిల్లల్లో ఒక్కొక్కరికి చేరే అవకాశం 1/2, మనుమల్లో ఒక్కొక్కరికి 1/4. కొడుకు కూతురిని కూతురు కొడుక్కి ఇచ్చారనుకుందాం. ఇద్దరూ వాహకులయ్యే అవకాశం 1/4 × 1/4, అంటే 1/16. ఇద్దరూ వాహకులైతే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 1/4. మొత్తం మీద 1/64. అక్క కూతురిని మేనమామకు ఇస్తే 1/2 × 1/4 × 1/4, అంటే 1/32. ఆ మనుమరాలికే బయటి సంబంధం చేశారనుకుందాం. బయటి జనంలో యాభైమందికి ఒక వాహకుడున్నాడనుకుంటే అవకాశం 1/4 × 1/50 × 1/4, అంటే 1/800.

ఈ అంకెల్ని రెండు వైపుల నుంచి చదవాలి. 1/800తో పోలిస్తే 1/64 పన్నెండు రెట్లకు పైగా ఎక్కువ. అదే సమయంలో, తాత వాహకుడని తెలిసిన ఇంట్లో కూడా అరవై నాలుగింట అరవై మూడు పాళ్ళు బిడ్డకు ఆ జబ్బు రాదు. 'మాకేమీ కాలేదు' అనే ఇంటి అనుభవం అబద్ధం కాదు. అయితే ఒక ఇంటి అనుభవం ఊరి లెక్కకు సరిపోదు. తాలూకాలో వేల ఇళ్ళలో ఇదే జరిగినప్పుడు ఆ అరవై నాలుగో బిడ్డ ఎక్కడో ఒకచోట పుడుతుంది.

4. పిఠాపురం నుంచి కలకత్తాకు

ఈ లెక్కలను తెలుగు కుటుంబాల మీద పరీక్షించింది ఎవరు? బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు విడిచి కలకత్తాలోని భారత గణాంక శాస్త్ర సంస్థలో చేరాడు. 1937లో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు అక్కడ ఆయన శిష్యుడయ్యారు. ఖరీదైన పరికరాలు లేకుండానే భారతదేశంలో గొప్ప జీవశాస్త్రం సాధ్యమని హాల్డేన్ నమ్మకం. బంధుత్వాల సమాచారం సమృద్ధిగా ఉన్న సమాజం ఇక్కడ ఉంది. అడగడానికి కావలసింది ఓపిక, కాగితం, కలం.

ద్రోణంరాజు, మరో శాస్త్రవేత్త పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాలు ఎంత తరచుగా జరుగుతున్నాయో, వాటి ప్రభావమేమిటో పరిశీలించి 1960 నుంచి వరుసగా వ్యాసాలు ప్రచురించారు. మేనమామ–మేనకోడలు వివాహాలు పాశ్చాత్య శాస్త్రవేత్తలకు దాదాపు తెలియని విషయం. దాన్ని ప్రపంచ జన్యుశాస్త్రం దృష్టికి తెచ్చిన అధ్యయనాల్లో ఇవి ముఖ్యమైనవి.

అదే కాలంలో ద్రోణంరాజు చెవి అంచున వెంట్రుకలు మొలిచే లక్షణాన్ని ఆంధ్ర కుటుంబాల్లో పరిశీలించారు. అది తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళుతున్నట్లు వంశవృక్షాల్లో కనిపించింది. కాబట్టి అది వై క్రోమోజోము మీది లక్షణమని 1960లో ప్రతిపాదించారు. అది చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ఉదాహరణగా నిలిచింది. 2004లో దక్షిణ భారతీయుల వై క్రోమోజోములనే నేరుగా పరీక్షించినప్పుడు ఆ వాదన నిలవలేదు. వంశవృక్షం ఎంతో చెబుతుంది, కానీ తుది తీర్పు చెప్పదు. ఒక శాసనాన్ని మరో ఆధారంతో సరిచూడాలని చరిత్రలో మనం నేర్చుకునే సూత్రమే ఇది.

ఈ రంగంలో మరో వాదం కూడా ఉంది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన పరిశోధకులు 1970లలో తమిళనాడులో చేసిన అధ్యయనంలో రక్తసంబంధ వివాహాల దుష్ప్రభావం ఊహించినంత కనిపించలేదు. శతాబ్దాలుగా ఇలాంటి పెళ్ళిళ్ళు జరగడం వల్ల హానికర జన్యువులు క్రమంగా తగ్గిపోయి ఉండవచ్చని ఒక వివరణ వచ్చింది. ఈ వివరణలో ఒక విషాదం దాగి ఉంది. జన్యువు 'తగ్గిపోవడం' అంటే ఆ జన్యువు రెండు ప్రతులూ పడిన పిల్లలు పెరగకుండానే పోవడం.

2009 తరువాత హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్ తదితరులు విదేశీ పరిశోధకులతో కలిసి చేసిన అధ్యయనాలు చర్చను విస్తరించాయి. భారతదేశంలో అనేక సమూహాలు దాదాపు రెండువేల ఏళ్ళుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటున్నాయి. కొద్దిమంది పూర్వికుల నుంచి పెరిగిన సమూహంలో దూరపు సంబంధం చేసుకున్నా, ఇద్దరూ ఒకే పూర్వికుని చెడు ప్రతిని మోస్తూ ఉండవచ్చు. అంటే మేనరికం మానేసినంత మాత్రాన ప్రశ్న ముగియదు. పెళ్ళి పరిధి ఎంత ఇరుకైతే వ్యాధి అవకాశం అంత పెరుగుతుంది. గోత్రం వేరైతే చాలుననే నమ్మకానికి కూడా ఇక్కడ జవాబు ఉంది. గోత్రం తండ్రి వైపు దారిని మాత్రమే చూపుతుంది, జన్యువులు రెండు దారుల్లోనూ వస్తాయి.

5. కవాట వ్యాధులన్నీ వంశం నుంచి రావు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మన దేశంలో కవాటాలు చెడడానికి చాలాకాలంగా ప్రధాన కారణం వారసత్వం కాదు, రుమాటిక్ జ్వరం. చిన్నతనంలో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల గొంతునొప్పి, తరువాత కీళ్ళనొప్పులు, జ్వరం, కొన్నేళ్ళకు మిట్రల్ కవాటం మూసుకుపోవడం ఈ వ్యాధి క్రమం. ఇరుకు ఇళ్ళు, వైద్యం అందకపోవడం దీన్ని పెంచుతాయి. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు వస్తే అది వంశవ్యాధిలా కనిపిస్తుంది. నిజానికి వాళ్ళు పంచుకున్నది ఒకే గది, ఒకే గాలి. సకాలంలో పెన్సిలిన్ ఇస్తే దీన్ని నివారించవచ్చు.

ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది ఎక్కువగా స్త్రీలు. ఆయాసపడే గర్భిణిని 'పుట్టింటి జబ్బు తెచ్చింది' అని నిందించిన కుటుంబాలున్నాయి. ఆమె కవాటం చెడింది చిన్ననాటి గొంతు జబ్బు వల్ల కావచ్చు. అంతర్గత వ్యాధి ఉన్న బిడ్డ పుట్టినప్పుడు కూడా తల్లినే తప్పుపడతారు. శాస్త్రం ప్రకారం ఆ బిడ్డకు ఒక ప్రతి తండ్రి నుంచి వచ్చి తీరాలి. వారసత్వ శాస్త్రం సామాజికంగా చేసిన మేళ్ళలో ఇది ఒకటి. నింద ఒక్కరి మీద మోపడానికి అది అవకాశం ఇవ్వదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
(అ) మార్ఫాన్ సిండ్రోమ్‌కు మేనరికం కారణం కాదని ఎలా చెప్పగలం?
(ఆ) రుమాటిక్ కవాట వ్యాధి వంశవ్యాధిలా ఎందుకు కనిపిస్తుంది?

6. పత్రాల్లో కనిపించని పిల్లలు

ఇప్పుడు చరిత్రకారుని అసలు ప్రశ్నకు వద్దాం. డెల్టాలో గత నూటయాభై ఏళ్ళలో ఎంతమంది పిల్లలు వారసత్వ గుండె, ఊపిరితిత్తుల వ్యాధులతో పోయారు? మన ఆధారాలు దీనికి జవాబు చెప్పవు. ఎందుకు చెప్పవో తెలుసుకోవడమే ఒక పాఠం.

వలసకాలపు వార్షిక ఆరోగ్య నివేదికల్లో మరణకారణాలు కొన్ని గడులకే పరిమితం. కలరా, మశూచి, జ్వరాలు, విరేచనాలు, శ్వాసకోశ వ్యాధులు, గాయాలు, ఇతర కారణాలు. గ్రామంలో మరణాన్ని నమోదు చేసే ఉద్యోగి వైద్యుడు కాడు. గుండెలో లోపంతో పుట్టి, నీలం తేలి పోయిన పసికందు 'జ్వరాలు' గడిలోనో, 'ఇతర కారణాలు' గడిలోనో చేరిపోతుంది. ఇళ్ళలో అదే మరణానికి వేరే పేర్లున్నాయి. బాలారిష్టం, గాలి సోకడం, దిష్టి. ఏ పేరు పెట్టినా వ్యాధి మాత్రం కనిపించదు.

ఇక వంశవృక్షాలు. భట్రాజులు చదివిన వంశావళులు, మెకంజీ సేకరించిన కైఫీయతుల్లోని స్థానిక ప్రభువుల వంశక్రమాలు, ఆస్తి దావాల్లో కోర్టుకు దాఖలు చేసిన వంశవృక్షాలు మనకున్నాయి. ఇవన్నీ హక్కు ఎవరిదో తేల్చడానికి పుట్టినవి. అందువల్ల కొడుకులు ఉంటారు, కూతుళ్ళు తరచు ఉండరు. ఇంటికి వచ్చిన కోడలు ఎవరి కూతురో ఉండదు. పసితనంలో పోయిన బిడ్డకు వాటా లేదు కాబట్టి పేరూ లేదు. వైద్యునికి కావలసింది సరిగ్గా ఈ ముగ్గురి సమాచారమే. కూతుళ్ళు లేకపోతే సగం వంశం కనిపించదు. కోడలి పుట్టిల్లు తెలియకపోతే రక్తసంబంధం ఉందో లేదో తెలియదు. పోయిన బిడ్డలు లేకపోతే వ్యాధి ఉన్నదనే సంగతే తెలియదు.

ఆస్తి కోసం రాసిన వంశవృక్షం ఆరోగ్యం కోసం పనికిరాకపోవడానికి కారణం ఇదే. ఆ లోటు పూరించగల ఆధారం మన ఇళ్ళలో ఉంది. అది అమ్మమ్మల, నాయనమ్మల జ్ఞాపకం. ఎన్ని కాన్పులయ్యాయో, ఎవరు నెలల పిల్లగా ఉన్నప్పుడు పోయారో, పాలు తాగుతూ ఎవరికి చెమటలు పట్టేవో, ఏ పిల్లవాడికి ఏడాది పొడవునా దగ్గు తగ్గేది కాదో వారికి గుర్తుంటుంది. నాగార్జునకొండలో స్త్రీలు చెప్పుకున్న బంధుత్వాలే మనకు చరిత్రను మిగిల్చినట్లు, ఇంటి వైద్య చరిత్ర కూడా స్త్రీల నోటనే మిగిలింది. ఆ తరం వెళ్ళిపోతే ఆ ఆధారం కూడా పోతుంది.

7. నేటి పరిస్థితి

1992–93లో జరిగిన మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ వివాహాల్లో సుమారు మూడోవంతు రక్తసంబంధీకుల మధ్య జరిగినవేనని తేలింది. చదువులు, వలసలు, చిన్న కుటుంబాల వల్ల మేనరికాలు తగ్గుతున్నాయి. ఇద్దరేసి పిల్లలున్న ఇళ్ళలో వరసకు తగిన మేనబావ దొరకడమే కష్టం. అయితే ఇప్పటికే జరిగిన పెళ్ళిళ్ళు, పుట్టిన పిల్లలు ఉన్నారు. వారికి కావలసింది మందలింపు కాదు, సమాచారం.

వైద్య సదుపాయాలు కూడా మారాయి. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల 1958లో ఏర్పడింది. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం పేద కుటుంబాలకు గుండె శస్త్రచికిత్సలను అందుబాటులోకి తెచ్చింది. హైదరాబాద్ బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జన్యుశాస్త్ర సంస్థ, జన్యువ్యాధుల ఆసుపత్రి కుటుంబాలకు సలహా ఇస్తుంది. ఏ ఆసుపత్రికి వెళ్ళినా జన్యు సలహాదారు మొదట అడిగేది మూడు తరాల వంశవృక్షమే.

8. కృత్యం

మీ కుటుంబానికి మూడు తరాల వంశవృక్షం గీయండి. పురుషులకు చతురస్రం, స్త్రీలకు వృత్తం గుర్తు. భార్యాభర్తలను ఒక గీతతో కలపండి, వారు రక్తసంబంధీకులైతే రెండు గీతలు గీయండి. చనిపోయినవారి గుర్తు మీద అడ్డగీత గీసి, వయసు, తెలిసినంతవరకు కారణం రాయండి. పసితనంలో పోయిన బిడ్డలను, నిలవని కాన్పులను తప్పక చేర్చండి. కూతుళ్ళను, వారి పిల్లలను వదలకండి.

పెద్దవాళ్ళను అడిగేటప్పుడు తొందరపడకండి. పోయిన బిడ్డను గుర్తుచేయడం తల్లికి ఎన్నేళ్ళయినా నొప్పే. 'ఎవరి తప్పు' అనే ధోరణిలో ఒక్క ప్రశ్న కూడా వద్దు. ఈ కాగితాన్ని అధ్యయన కేంద్రంలో అప్పగించనక్కరలేదు. అది మీ ఇంటి పత్రం, భద్రపరచుకోండి. ఒకే రకం వ్యాధి గానీ, చిన్న వయసు మరణాలు గానీ రెండు మూడు కనిపిస్తే వైద్యునికి చూపండి.

9. సారాంశం

మేనరికం తెలుగు దేశంలో ఇక్ష్వాకుల కాలం నుంచి శాసనాధారాలున్న ఆచారం. రాజ్యాన్ని, భూమిని, ఆడపిల్ల భద్రతను కాపాడే సాధనంగా అది నిలిచింది. 20వ శతాబ్దపు జన్యుశాస్త్రం దానివల్ల అంతర్గత వ్యాధుల అవకాశం పెరుగుతుందని చూపింది. మార్ఫాన్ సిండ్రోమ్ వంటి బహిర్గత వ్యాధులకు, రుమాటిక్ జ్వరం వల్ల వచ్చే కవాట వ్యాధికి మేనరికం కారణం కాదు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు, మీరాఖాన్‌ల కృషి ఈ విషయాన్ని తెలుగు కుటుంబాల్లో పరిశీలించింది. పెళ్ళి పరిధి ఇరుకుగా ఉండడమే విస్తృతమైన సమస్య అని తరువాతి అధ్యయనాలు సూచించాయి. మన లిఖిత ఆధారాలు ఆస్తి కోసం పుట్టినవి కాబట్టి కూతుళ్ళను, కోడళ్ళ పుట్టిళ్ళను, పోయిన పిల్లలను వదిలేశాయి. వారిని తిరిగి రాయడం చరిత్ర పని, వైద్యం పని కూడా.

10. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తెలుగు దేశంలో మేనరికం కొనసాగడానికి దారితీసిన రాజకీయ, ఆర్థిక, సామాజిక కారణాలను చర్చించండి.
2. 'ఆస్తి కోసం రాసిన వంశవృక్షం ఆరోగ్యం కోసం పనికిరాదు' – ఈ వాక్యాన్ని ఆధారాలతో పరిశీలించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. బహిర్గత, అంతర్గత వ్యాధుల మధ్య తేడాను గుండె, ఊపిరితిత్తుల వ్యాధుల ఉదాహరణలతో తెలపండి.
2. ఆంధ్రలో రక్తసంబంధ వివాహాల అధ్యయనానికి ద్రోణంరాజు, మీరాఖాన్‌లు చేసిన కృషిని వివరించండి.
3. వలసకాలపు మరణ నమోదు పద్ధతిలో వారసత్వ వ్యాధులు ఎందుకు కనిపించవు?